తండ్రి కట్టిన రాజ్యం, కొడుకు రాయించిన చరిత్ర

ముప్పై రెండేళ్లు బళ్లో చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి నేను. హర్షవర్ధనుడి పాఠం వచ్చినప్పుడల్లా చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ పేరు వచ్చేది. ఆ పేరు రాగానే పుస్తకం మూసి పక్కన పెట్టి, "ఈయన మన ఆంధ్రదేశానికి కూడా వచ్చినాడ్రా, ధాన్యకటకం చూసిపోయినాడు" అని చెప్పేవాణ్ణి. హోసూరు పక్క పల్లెలో, తమిళనాడు బడిలో తెలుగు మాధ్యమం చదివే పిల్లలకు ఆ మాట వింటే ముఖాలు విప్పారేవి. ఆ ఊరు వాళ్లు చూసిందీ లేదు, చూడబోయేదీ లేదు. అయినా సొంత ఊరి పేరు విన్నట్టే ఉండేది. ఆ తర్వాత, "అప్పుడు చైనాను ఏలుతున్నది తాంగ్ వంశపు తైజోంగ్ చక్రవర్తి, మహా గొప్పవాడు" అని ఒక్క వాక్యం చెప్పి పాఠం ముందుకు నడిపేవాణ్ణి.

ఒకసారి ఒక పిల్లవాడు లేచి, "అయ్యా, ఆ వంశం మొదలుపెట్టింది ఆయనేనా?" అని అడిగాడు. "ఆయనే కదరా" అన్నాను. ఆ జవాబు తప్పు. తప్పని తెలిసింది చాలా ఏళ్ల తర్వాత, బెంగళూరులో ఒక గ్రంథాలయంలో కూర్చుని చైనా చరిత్ర చదువుకున్నప్పుడు. ఆ వంశాన్ని స్థాపించినవాడు తైజోంగ్ కాదు, ఆయన తండ్రి లీ యువాన్. చరిత్రలో ఆయనకు గావ్‌జూ అని బిరుదు. ఆ మాటకు పూర్వీకులలో పైవాడు, అంటే ముత్తాతకు కూడా పైవాడు అని అర్థం. అంత పెద్ద పేరు పెట్టి, మనిషిని మాత్రం గడప బయట కూర్చోబెట్టింది చరిత్ర.

పిల్లవాడికి తప్పు చెప్పానే అన్న బాధ కొంత. అయితే అంతకంటే ఎక్కువ బాధ పెట్టిన సంగతి మరొకటుంది. అదే తప్పు నేను మా ఇంటి విషయంలోనూ చేశాను, అదీ అచ్చువేసి పంచిపెట్టాను. ఆ రెండు తప్పుల కథా కలిపి చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

ముందు లీ యువాన్ సంగతి. 566లో పుట్టినవాడు. తాంగ్ అనే సీమకు ప్రభువు. అప్పుడు దేశాన్ని ఏలుతున్న సుయి వంశపు యాంగ్ చక్రవర్తీ, ఈయనా అక్కచెల్లెళ్ల బిడ్డలు. యాంగ్ చక్రవర్తి పెద్ద పెద్ద కాలువలు తవ్వించాడు, కొరియా దిక్కు మీదికి 612, 613, 614లో వరుసగా మూడు దండయాత్రలు చేశాడు. మూడూ పోయాయి. పన్నులకూ, వెట్టికీ తాళలేక జనం తిరగబడ్డారు. ఎక్కడికక్కడ ఒక రాజు లేచాడు. 617లో ఉత్తరాన తైయువాన్ కోటలో సేనాధిపతిగా ఉన్న లీ యువాన్ కూడా లేచాడు. అప్పటికి ఆయన వయసు యాభై దాటింది. ఉత్తరాన ఉన్న తురుష్కులతో ముందుగా సంధి చేసుకుని వెనక భయం లేకుండా చూసుకున్నాడు. ఆ ఏడు ముగిసేలోపల రాజధాని చాంగాన్ పట్టుకున్నాడు. వెంటనే సింహాసనం ఎక్కలేదు, సుయి వంశపు పిల్లవాణ్ణే ఒకణ్ణి కూర్చోబెట్టాడు. 618లో యాంగ్ చక్రవర్తిని సొంత మనుషులే చంపేశాక, తాను చక్రవర్తినని ప్రకటించుకున్నాడు. తర్వాత ఆరేడేళ్లలో మిగతా తిరుగుబాటు రాజులలో దాదాపు అందరూ ఓడిపోయారు. మూడు వందల ఏళ్లకు పది పదకొండేళ్లు మాత్రమే తక్కువగా నడిచిన వంశానికి అది మొదలు.

ఇంత పని చేసిన మనిషి గురించి అధికార చరిత్ర చెప్పేదేమిటి? ఆయన మెతకమనిషి, తెగింపు లేనివాడు, సుఖపురుషుడు అని. తిరుగుబాటు ఆలోచన అంతా ఇరవై ఏళ్లు నిండని రెండో కొడుకు లీ షిమిన్‌ది అని. తండ్రి ఒప్పుకోడేమోనని, కొడుకు పక్షం వాళ్లు చక్రవర్తి విడిది భవనంలోని స్త్రీలను ఆయన దగ్గరికి పంపి, ఆ నేరం బయటపడితే తల పోతుందని భయపెట్టి ఆయన్ను యుద్ధానికి దింపారట. వంశస్థాపకుణ్ణి ఒక ఉచ్చులో పడ్డ ముసలివాడిగా చూపించే కథ ఇది.

ఇంకొక కథ. చాంగాన్ మీదికి పోతూ ఉండగా ఎడతెగని వాన పట్టుకుంది. తిండి గింజలు తగ్గిపోయాయి. వెనక తైయువాన్ మీద శత్రువులు పడుతున్నారని పుకారు లేచింది. తండ్రి వెనక్కి తిరిగిపోదామన్నాడు. రాత్రి గుడారం బయట నిలబడి రెండో కొడుకు గట్టిగా ఏడ్చాడు. ఆ ఏడుపు విని తండ్రి మనసు మార్చుకున్నాడు. ఇదీ అధికార చరిత్రలోని కథ.

చదివేవాళ్లకు ఈ కథలు ఎక్కడో విన్నట్టు ఉంటాయి. నాకు మటుకు మా ఇంటి అరుగు మీద విన్నట్టే ఉంది.

మా నాయన గట్టిమనిషి. 1958లో ఇంటి పెత్తనం, ఇనప్పెట్టె తాళాలు తన చేతిలోకి తీసుకున్నాడు. ఎట్లా తీసుకున్నాడో ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడుకోరు. అప్పటినుంచి మా జేజినాయన మంచం ఇంట్లోనుంచి అరుగు మీదికి వచ్చింది. 1967లో పోయేదాకా ఆయన అక్కడే ఉన్నాడు. నేను బడినుంచి వచ్చేసరికి ఆకు వక్క నూరుకుంటూ కనిపించేవాడు. మా నాయన నాలుగెకరాలను పదిహేనెకరాలు చేశాడు. 1964లో బావికి కరెంటు మోటారు పెట్టించాడు. మమ్మల్ని నలుగురినీ చదివించాడు. ఆయన గొప్పతనం గురించి నాకు ఏ రోజూ అనుమానం లేదు. అయితే ఆయన చెప్పే కథలో ఇంకొక మాట కూడా ఉండేది: "మీ జేజినాయన ఏమి చేసినాడు? అరుగు మీద కూర్చొని ఆకు నమిలినాడు. ఆ కపిల బావి కూడా నేను పుట్టించిందే." 1996లో నాయన పోయినాక, మరుసటి ఏడు నేనే ఒక చిన్న పుస్తకం రాసి, రెండు వందల ప్రతులు అచ్చువేయించి, ఊళ్లోనూ బంధువుల్లోనూ పంచాను. అందులో జేజినాయన గురించి ఉన్నది ఒక్క వాక్యం. "మా జేజినాయన మెతకమనిషి, లోకవ్యవహారం తెలియనివాడు."

చైనా కథకు మళ్లీ వస్తాను. తండ్రి మెతకదనం గురించి రాసింది ఎవరు, ఎప్పుడు అని అడిగితే కథ విప్పుకుంటుంది.

లీ యువాన్ చక్రవర్తి కాగానే పెద్ద కొడుకు జియాన్‌చెంగ్‌ను యువరాజును చేశాడు. యుద్ధాలలో పెద్ద పెద్ద గెలుపులు రెండో కొడుకు షిమిన్‌వి. అన్నదమ్ముల మధ్య పగ పెరిగింది. తండ్రి ఒకరోజు ఇటు, ఒకరోజు అటు మాట్లాడుతూ కాలం గడిపాడు. 626 జూలైలో ఒక ఉదయం, రాజభవనపు ఉత్తర ద్వారం, షువాన్‌వూ ద్వారం దగ్గర, షిమిన్ తన మనుషులతో మాటు వేశాడు. అన్నను తన చేతి బాణంతోనే చంపాడు. తమ్ముడు యువాన్‌జీ కూడా అక్కడే పోయాడు. వాళ్లిద్దరి కొడుకులను కూడా తర్వాత బతకనివ్వలేదు. ఆ సమయంలో తండ్రి భవనంలోని కొలనులో పడవ మీద ఉన్నాడట. కవచం తొడుక్కుని, బల్లెం పట్టుకుని షిమిన్ సేనాని ఒకడు వచ్చి నిలబడి, "తమ రక్షణకు వచ్చాను" అన్నట్టు చెప్పాడు. ఎవరినుంచి రక్షణ అని అడిగే అవకాశం ఆ తండ్రికి లేదు. రెండు నెలల్లో ఆయన సింహాసనం దిగిపోయాడు, షిమిన్ తైజోంగ్ చక్రవర్తి అయ్యాడు.

చైనాలో ఒక మంచి ఆచారం ఉండేది. చక్రవర్తి రోజూ చేసేదీ, చెప్పేదీ రాసిపెట్టడానికి వేరే అధికారులు ఉండేవాళ్లు. వాళ్లు రాసింది చక్రవర్తి చూడకూడదు. చూస్తాడని తెలిస్తే ఎవరు నిజం రాస్తారు? తైజోంగ్ చూడాలన్నాడు. ఒక అధికారి, చక్రవర్తి తన చరిత్ర తానే చదివినట్టు ఇంతవరకు వినలేదని మర్యాదగా తోసిపుచ్చాడు. మళ్లీ మళ్లీ అడిగాక, మంత్రి ఫాంగ్ షువాన్‌లింగ్ మొదలైనవాళ్లు తండ్రి కాలానిదీ, కొడుకు కాలానిదీ రికార్డులను సంగ్రహంగా కూర్చి 643లో చేతికిచ్చారు. ఆ ఉదయపు హత్యల గురించి రాసినది తైజోంగ్ చదివాడు. చాలా మరుగుపరిచి రాసినట్టు కనిపించింది. వంశాన్ని కాపాడటానికి సొంత సోదరులను శిక్షించిన ప్రాచీన జూ ప్రభువుతో తన పనిని పోల్చుకుని, దాచవద్దు, ఉన్నది ఉన్నట్టు రాయండి అన్నాడు. వినడానికి ఎంత నిజాయితీ! అయితే ఏ పోలికతో రాయాలో చెప్పాక, ఉన్నది ఉన్నట్టు అనే మాటకు మిగిలేదేమిటి?

అన్నను చంపి, తండ్రిని దింపినవాడికి ఒక సమర్థన కావాలి. రాజ్యం మొదటినుంచీ తాను సంపాదించిందే అయితే, తనది తాను తీసుకున్నట్టు అవుతుంది. అందుకు తండ్రి మెతకవాడు కావాలి, అన్న చేతగానివాడు కావాలి. ఆ రికార్డుల మీదనే 945లో ఒక తాంగ్ చరిత్ర, 1060లో మరొకటి వచ్చాయి. 1084లో సీమా గువాంగ్ తన మహాచరిత్రను పూర్తిచేశాడు. ఆయన ఎంతో జాగ్రత్త గల పండితుడు. అన్నను చంపిన పని వచ్చే తరాలకు చెడ్డ దారి చూపిందని తైజోంగ్‌ను తప్పుపట్టాడు కూడా. అంతటివాడే, గావ్‌జూకు రాజ్యం దక్కింది కొడుకు ప్రతాపం వల్లనే అని తీర్పు చెప్పాడు. ఎనిమిది వందల యాభై ఏళ్ల తర్వాత 1936లో మావో "మంచు" అని ఒక పద్యం రాస్తూ చైనా ఏలికలలో గొప్పవాళ్ల పేర్లు వరసగా చెప్పాడు. సోంగ్ వంశానికి వచ్చేసరికి స్థాపకుణ్ణి తలుచుకున్నాడు. తాంగ్ వంశానికి మాత్రం స్థాపకుణ్ణి కాదు, కొడుకునే. బడిలో నేను చెప్పిన తప్పు జవాబుకు వంశవృక్షం ఇంత పెద్దది.

మరి నిజం ఎక్కడనుంచి బయటపడింది? ఒక చిన్న పుస్తకం వల్ల. 617లో లీ యువాన్ కొలువులో వెన్ దాయా అనే లేఖకుడు ఉండేవాడు. తిరుగుబాటు మొదలైన రోజునుంచి చక్రవర్తి అయ్యేదాకా 357 రోజుల సంగతులు మూడు భాగాలుగా రాసిపెట్టాడు. ఆ పుస్తకం చెక్కుచెదరకుండా మిగిలింది. అందులో లీ యువాన్ తానే ఆలోచించి, తానే సమయం చూసి అడుగు వేసే మనిషి. ఆ వాన రోజుల సంగతి కూడా ఉంది. తండ్రి కొడుకులిద్దరినీ పిలిచి మీరేమంటారు అని అడుగుతాడు. ఇద్దరూ ముందుకే పోదామంటారు. తండ్రి సంతోషిస్తాడు, ఆయన మనసులో ఉన్నదీ అదే. గుడారం బయట ఏడుపు లేదు. ఆ ఇద్దరు కొడుకులను వెన్ దాయా "పెద్దబ్బాయి", "రెండో అబ్బాయి" అనే రాస్తాడు. అప్పటికి వాళ్లలో ఒకడు రెండోవాణ్ణి చంపుతాడని ఎవరికీ తెలియదు. ఇద్దరూ ఒక తండ్రి మాట మీద నడిచే కుర్రవాళ్లు, అంతే.

వెన్ దాయా కూడా లీ యువాన్ ఉప్పు తిన్నవాడే కదా, ఆయన్ను పొగడడా అని అడగవచ్చు. అడగాలి కూడా. అయితే అన్నదమ్ముల తగాదా వచ్చినప్పుడు ఈయన షిమిన్ పక్షంలో ఉన్నవాడు. షిమిన్ తరఫున లోయాంగ్ నగరాన్ని కాచినవాడు. అతణ్ణి తక్కువ చేసి రాయవలసిన అవసరం ఆయనకు లేదు. అన్నిటికంటే ముఖ్యం, ఆయన రాసింది గెలుపోటములు తేలకముందు. 1941లో వుడ్‌బ్రిడ్జ్ బింగమ్ అనే అమెరికన్ పండితుడు తాంగ్ స్థాపన మీద పుస్తకం రాస్తూ ఈ సాక్ష్యాన్ని ముందుకు తెచ్చాడు. 1979లో కేంబ్రిడ్జ్ చైనా చరిత్ర మూడో సంపుటంలో హోవర్డ్ వెక్స్‌లర్ కూడా లీ యువాన్‌కు ఆయన భాగం ఆయనకు ఇచ్చాడు. పన్నెండు, పదమూడు వందల ఏళ్ల తర్వాత!

ఇది చదివి ఇంటికి వచ్చిన నాకు వెంటనే బుద్ధి వచ్చిందని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. బుద్ధి వచ్చింది మూడేళ్ల కిందట. నాయన పుస్తకం మళ్లీ అచ్చువేద్దాం, ఫొటోలు ఏమన్నా ఉన్నాయా చూడండి అని తమ్ముడి కొడుకు అడిగాడు. అటక మీది రేకు పెట్టె దించాం. అందులో ఫొటోలు లేవు. ఒక క్రయ దస్తావేజు, గుడ్డలో చుట్టిన ఒక లెక్కల పుస్తకం ఉన్నాయి. దస్తావేజు 1939 నాటిది. అప్పుడు మా హోసూరు తాలూకా సేలం జిల్లాలో ఉండేది. దస్తావేజు మాత్రం తెలుగులోనే ఉంది. బావి ఉన్న నాలుగెకరాలు కొన్నది జేజినాయన. లెక్కల పుస్తకం 1940 నాటిది, ఆయన చేతిరాత. అంకెలు కూడా తెలుగు అంకెలే. ఒడ్డెవాళ్ల కూలి, రాయి పేల్చడానికి మందు, కపిలకు తోలు, మోకు. ఇన్ని అడుగులకు రాయి పడింది, ఇన్ని అడుగులకు చెమ్మ తగిలింది, 36 అడుగులకు నీళ్లు పడ్డాయి. నీళ్లు పడ్డ రోజు లెక్కలో బెల్లం ఖర్చు కూడా ఉంది, ఊరికి పంచినట్టున్నాడు. ఆ ఏడు మా నాయనకు పదకొండేళ్లు.

మేనత్తకు చూపించాను. తొంభై దాటిన మనిషి. "ఆ బెల్లం నేను తిన్నాను గదరా" అంది. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదత్తా అంటే, "ఎవురడిగినారు?" అంది.

లీ యువాన్‌కు కూడా ఒక కూతురు ఉంది. తండ్రి తైయువాన్‌లో లేచాడని తెలిసి, ఆమె చాంగాన్ పక్కన సొంతంగా సైన్యం కూడగట్టింది. డెబ్బై వేలదాకా పోగయ్యారని చెబుతారు. 623లో ఆమె పోయినప్పుడు తండ్రి సైనిక వాద్యాలతో అంత్యక్రియలు చేయించాడు. ఆడవాళ్లకు ఆ ఆచారం లేదని శాస్త్రం తెలిసిన అధికారులు అడ్డు చెప్పారు. ఆమె స్వయంగా సేన నడిపి రాజ్యస్థాపనలో పాలుపంచుకుంది, అందరు ఆడవాళ్ల లెక్క కాదు అని ఆయన ఒప్పుకోలేదు. బిడ్డ చేసిన పని తన పేరు మీద వేసుకోని మనిషి అని దీన్నిబట్టే తెలుస్తుంది.

అయితే స్థాపకుడి గొప్పతనం కొలవడానికి మంచి మనసు ఒక్కటే చాలదు. ఆయన పోయాక నిలిచిందేమిటి అని చూడాలి. 621లో లీ యువాన్ కొత్త నాణెం వేయించాడు. గుండ్రని రాగి కాసు, నడుమ చదరపు రంధ్రం. దాని మీది అక్షరాలు రాసింది ఔయాంగ్ షున్ అనే పేరుమోసిన లేఖనకారుడు. పది కాసులు కలిపితే సరిగ్గా ఒక తులామానం. అంతకుముందు ఏడు వందల ఏళ్లుగా నడిచిన పాత కాసు పద్ధతి దానితో పోయింది. తాంగ్ వంశం ఉన్నన్నాళ్లూ అదే నాణెం. 708లో జపాన్ తన నాణెం వేసుకున్నప్పుడు దీన్ని చూసే వేసుకుంది. 624లో కొత్త న్యాయస్మృతి ప్రకటించాడు. దాన్ని తిరగరాసి, సవరించి, 653లో వ్యాఖ్యతో సహా స్థిరపరచిన స్మృతి జపాన్, కొరియా, వియత్నాం చట్టాలకు కూడా మాతృక అయింది. అదే 624లో, వయసు వచ్చిన ప్రతి మగవాడికీ నూరు మూల భూమి అనే పాత పంపకం పద్ధతిని మళ్లీ నిలబెట్టాడు. అది ఎంత అవసరమో లెక్కలు చూస్తే తెలుస్తుంది. 609లో పన్ను లెక్కల్లో దాదాపు 89 లక్షల కుటుంబాలు ఉండగా, తైజోంగ్ కాలంలో కూడా 30 లక్షలకు లోపే ఉన్నాయి. అందరూ చచ్చిపోయారని కాదు, ఎక్కువమంది చెదిరిపోయి లెక్కకు అందకుండా పోయారు. అట్లాంటి దేశంలో తైజోంగ్ అంత చక్కగా పరిపాలించగలిగాడంటే, పాలించడానికి ఒక కాసు, ఒక చట్టం, ఒక భూమి లెక్క తండ్రి సిద్ధం చేసిపెట్టి ఉన్నాడు కాబట్టి.

ఇక్కడ నాకు ఒక సంగతి అర్థమైంది. గెలిచినవాడు కథలను తిరగరాయించగలడు. కాసును తిరగరాయడు, అది రోజూ పనికివచ్చేది కాబట్టి. చరిత్రలో ఒక స్థాపకుణ్ణి తూకం వేయాలంటే రెండు రకాల సాక్ష్యాలు వెతకాలి. ఒకటి, ఫలితం తేలకముందు రాసిపెట్టినది. రెండోది, ఎంత పగ ఉన్నా పనికివస్తుందని ఎవరూ మార్చకుండా వదిలేసినది. వెన్ దాయా పుస్తకం మొదటిది, కాసు రెండోది. మా ఇంట్లో అయితే జేజినాయన లెక్కల పుస్తకం మొదటిది, బావి రెండోది. మా నాయన మోటారు పెట్టించింది ఆ బావికే కదా.

ఇంతమాత్రం చేత లీ యువాన్‌ను దేవుణ్ణి చేయబోవడం లేదు. 619లో, తిరుగుబాటు మొదట్లో తనకు అండగా నిలిచిన లియు వెన్‌జింగ్‌ను ఒక ఇష్టుడి మాట విని చంపించాడు. 621లో ఓడిపోయి పట్టుబడ్డ దౌ జియాన్‌ద అనే రాజును, తన వాళ్లు అతని చేతికి చిక్కినప్పుడు మర్యాదగా చూసినవాణ్ణి, చంపించాడు. దాంతో అతని మనుషులు మళ్లీ తిరగబడి ఎన్నో ప్రాణాలు పోయాయి. అన్నిటికీ మించి, ఇద్దరు కొడుకుల తగాదా కళ్లెదుట పెరుగుతుంటే తీర్చలేకపోయాడు. ఆ షువాన్‌వూ ద్వారం దగ్గర కారిన నెత్తురులో తండ్రి నాన్చుడు కూడా కలిసి ఉంది. మా జేజినాయనలో తప్పులు లేవా? ఉంటాయి. లెక్కల పుస్తకంలో తప్పులు రాసుకునే వరస ఉండదు.

అట్లాగే తైజోంగ్‌ను తగ్గించబోవడమూ లేదు. మంత్రి ముఖాన్నే తప్పు చెబితే విని సరిదిద్దుకున్న చక్రవర్తులు చరిత్రలో ఎంతమంది ఉన్నారు? ఆయన గురించి ఒక సంగతి నాకు చాలా ఇష్టం. 636లో రాణి పోయింది. ఆ దుఃఖంలో రాణి సమాధి కనిపించేలా తోటలో ఎత్తయిన మేడ కట్టించాడు. మంత్రి వే జెంగ్‌ను వెంటపెట్టుకుని ఎక్కి, కనిపిస్తోందా అని అడిగాడు. వే జెంగ్ కళ్లు చిట్లించి, ముసలి కళ్లు, కనిపించడం లేదన్నాడు. తైజోంగ్ వేలు పెట్టి చూపించాడు. ఓ, రాణిగారి సమాధా, అది కనిపిస్తూనే ఉంది, తమరు చూస్తున్నది తండ్రిగారి సమాధి అనుకున్నాను అన్నాడు మంత్రి. లీ యువాన్ పోయి అప్పటికి ఏడాది. తైజోంగ్ ఏడ్చి, ఆ మేడ పడగొట్టించాడు.

అంతకుముందు 630లో తురుష్కుల ఖాను పట్టుబడ్డప్పుడు, అన్నీ వదులుకుని కూర్చున్న లీ యువాన్ విందు చేశాడు. రాజ్యం అప్పగించవలసినవాడికే అప్పగించాను, ఇక దిగులెందుకు అన్నాడట. ఆ రాత్రి ఆయన తానే వీణవంటి వాద్యం తీసుకుని వాయించాడు. కొడుకు లేచి నాట్యం చేశాడు. నాలుగేళ్ల కిందట ఇద్దరు కొడుకులను, పసి మనవళ్లను పోగొట్టుకున్న మనిషి, వాళ్లను చంపినవాడి నాట్యానికి వాయించాడు. క్షమించాడా, గతిలేక వాయించాడా, నిజంగానే గర్వపడ్డాడా? మూడూ ఉండి ఉంటాయి. అరుగు మీది మంచంలో పడుకుని, కొత్త మోటారు నీళ్లు కాలువలో పోతున్న చప్పుడు వింటూ మా జేజినాయన "మావాడు గట్టోడు" అనడం నేను చెవులారా విన్నాను. ఆ మాటలో కూడా మూడూ ఉన్నాయేమో.

పుస్తకంలో ఆ వాక్యం మారుస్తానంటే తమ్ముడు ఒప్పుకోలేదు. "పోయిన మనిషిని అబద్ధాలకోరును చేస్తావా అన్నా? నువ్వు రాసిందే గదా?" అన్నాడు. అవును, నేను రాసిందే. మా నాయన నాచేత ఏమీ బలవంతంగా రాయించలేదు. తైజోంగ్ అంతటి చక్రవర్తి అడిగితే రాశారు వాళ్లు. నేను ఎవరూ అడగకుండానే రాశాను. గెలిచినవాడి ఇంట్లో పెరిగినవాడికి వేరే కథ ఒకటి ఉంటుందని తోచకపోవడం ఎంత సులువో చూడండి.

తమ్ముడికి వే జెంగ్ కథ చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "నాయన గురించి ఒక్క మాట తీయవద్దు, జేజినాయన గురించి ఎంతైనా రాసుకో" అన్నాడు. నాకు కావలసిందీ అదే. నాయన సంగతులు అట్లాగే ఉంటాయి. బావి తవ్వించింది మాత్రం జేజినాయన అని ఉంటుంది. 1958లో ఇంట్లో ఏమి జరిగిందో కూడా మేనత్త చెప్పినంత మేరకు రాశాను. దాన్ని ఏ పోలికతోనూ సర్దలేదు.

ఈ పత్రిక చదివే మనవంటి వాళ్ల ఇళ్లన్నిటిలోనూ ఇట్లాంటి జేజినాయన ఒకడు ఉంటాడని నాకు నమ్మకం. ఎన్నో తరాల కిందట ఈ నేల మీదికి వచ్చి మొదటి గుంత తవ్వినవాడి పేరు మనకు తెలియదు. పేరు తెలిసింది, ఆ తర్వాత గెలిచి మేడ కట్టినవాడిదే. మన అటకల మీది రేకు పెట్టెల్లో దస్తావేజులు, లెక్కలు ఇంకా ఉన్నాయి. అవి తెలుగులో ఉన్నాయి. మన మనవలు చదువుతున్నది తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీ, ఇంగ్లీషు. తైజోంగ్ ఎవరూ రాకుండానే మన వెన్ దాయాలు చెరిగిపోతారు.

అందుకే పుస్తకం కొత్త ప్రతిలో లెక్కల పుస్తకం నుంచి ఒక పుట ఫొటో తీసి వేస్తున్నాం. పక్కన అంకెలు మామూలు అంకెలలో కూడా ఇస్తున్నాం. మా మనవరాలు, ఎనిమిదో తరగతి, తెలుగు అంకెలు నేర్చుకుని ఆ కూడికలు సరిచూసింది. "తాతా, ఒకచోట రెండణాలు తప్పు కూడినాడు" అంది. ఆ తప్పు అట్లాగే ఉంచమన్నాను.